మీ సొంత ఊళ్లో సాయంత్రం బడి పెట్టాలంటే: గది వెతకడం నుంచి గ్రామసభ దాకా

"ఊరికి ఏదైనా చేద్దామనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?" సంక్రాంతికి ఊరెళ్లొచ్చాక ప్రతి జనవరిలోనూ నలుగురైదుగురు నన్ను ఈ మాట అడుగుతారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటారు. అడిగేటప్పటికే వాళ్ల దగ్గర ఒక జవాబు కూడా ఉంటుంది: వంద బ్యాగులు, ఐదొందల నోటుబుక్కులు, ఒక ఫ్లెక్సీ. నేనూ మొదటి ఏడాది అదే చేశాను. దసరా వచ్చేసరికి ఆ బ్యాగుల్లో సగం పత్తి చేలకు అన్నం క్యారియర్లు మోస్తున్నాయి.

ఇప్పుడు పల్నాడులోని మా ఊళ్లో సాయంత్రం బడి నడుస్తోంది. నడిపేది నేను కాదు. డిగ్రీ చదివే ఇద్దరు అమ్మాయిలు, ఐటీఐ అయిపోయిన ఒక కుర్రాడు. నేను నెలకోసారి వెళ్లి లెక్కలు చూసి వస్తాను. అడిగిన ప్రతివాళ్లకూ ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందు ఏమేం కావాలి

- ఊళ్లోనే ఉండే ఇద్దరు ముగ్గురు కుర్రకారు. వాళ్లలో కనీసం ఒక అమ్మాయి ఉండాలి.
- అందరూ వచ్చి కూర్చోగలిగే ఒక గది. "అందరూ" అన్న మాట గురించి రెండో అడుగులో చెప్తాను.
- ఒక బ్లాక్‌బోర్డు, చాపలు, కరెంటు పోతే వెలిగే లైటు.
- రెండో తరగతి తెలుగు వాచకాలు నాలుగైదు. పెద్ద పిల్లలకూ ఇవే కావాలి.
- మూడు పుస్తకాలు: హాజరుకి ఒకటి, ఖర్చులకి ఒకటి, పిల్లల కాగితాల వివరాలకి ఒకటి.
- కనీసం రెండేళ్లు నిలబడే ఓపిక.

డబ్బు ఈ జాబితాలో లేదు, మర్చిపోయి కాదు. చదువు చెప్పేవాళ్లకు నెలకు కొంత ఇవ్వాలి, నిజమే. కనీసం వాళ్ల బస్ పాస్, పోటీ పరీక్షల ఫీజులు మీరు పెట్టుకోండి. అంతకు మించి మొదటి ఏడాది పెద్దగా ఖర్చుండదు.

విదేశాల్లో ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఊళ్లోని సొసైటీకో ట్రస్టుకో పంపితే మాత్రం అది విదేశీ విరాళమే. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా అంతే. అది తీసుకోవాలంటే ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి. "మా బావే కదా పంపింది" అంటే చట్టం వినదు.

1. పది రోజులు ఊళ్లో తిరగండి, ఏమీ ప్రకటించకండి

ఊళ్లో ఎవరో ఒకరు ఇప్పటికే పక్కింటి పిల్లలకు లెక్కలు చెబుతూ ఉంటారు. డిగ్రీ చదువుతూ ఇంటి పట్టున ఉండే అమ్మాయో, పోలీసు ఉద్యోగానికి ప్రిపేరవుతున్న అబ్బాయో. వాళ్లను వెతకండి. అంగన్‌వాడీ టీచర్‌ని, ఆశా వర్కర్‌ని, కిరాణా కొట్టాయన్ని అడిగితే అరగంటలో పేర్లు తెలుస్తాయి.

వాళ్ల దగ్గరికి వెళ్లి "మేం పెడుతున్నాం, మీరు చేయండి" అనొద్దు. "మీరు చేస్తున్నదాన్ని కొంచెం పెద్దది చేద్దామా? మీకేం కావాలి?" అనండి. మా ఊరి అమ్మాయి మొదటి రోజు అడిగింది ఒక్కటే: "రాత్రి ఎనిమిదిన్నరకల్లా ఇంటికెళ్లాలి అన్నా, ఆ మాట మా నాన్నకు మీరే చెప్పండి." చెప్పాను. ఆ అమ్మాయి మూడేళ్లు చెప్పింది.

హెచ్చరిక: ఊరి రాజకీయాల్లో బాగా తిరిగే కుర్రాణ్ని ముందు పెట్టకండి. వాడు ఎంత మంచివాడైనా సరే, అవతలి పార్టీ ఇళ్ల పిల్లలు రారు.

2. గది ఎక్కడో తేల్చండి

సగం కేంద్రాలు ఇక్కడే చచ్చిపోతాయి. మొదట్లో మేం రామాలయం మండపంలో పెట్టాం. ఫ్యాన్ ఉంది, లైటు ఉంది, పూజారిగారు సరేనన్నారు. ఇరవై మంది వచ్చారు, ఎస్సీ కాలనీ నుంచి ఒక్కరూ రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఆపలేదు. మూడు వారాలకు కాలనీలో ఒకామెను అడిగితే, బిందె కిందపెట్టి, "మా పిల్లోళ్లు అక్కడికి ఎట్టా వస్తారయ్యా" అంది. మర్నాడే ప్రభుత్వ బడికి మార్చాం.

అందుకే ముందుగా ప్రభుత్వ బడినే అడగండి. హెచ్‌ఎంగారికి ఒక కాగితం రాసివ్వండి: ఏ గది, ఏ వేళలు, తాళం ఎవరి దగ్గర, ఏదైనా పగిలితే ఎవరు కట్టుకుంటారు. బడి యాజమాన్య కమిటీ ఒప్పుకుంటే ఇంకా మంచిది. విద్యా హక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు పిల్లల తల్లిదండ్రులే ఉండాలి, అంటే మీరు అడిగేది ఆ పిల్లల ఇళ్లవాళ్లనే.

బడి దొరక్కపోతే పంచాయతీ హాలు, అంగన్‌వాడీ భవనం చూడండి. అదీ కాకపోతే కాలనీలోనే పెట్టి మిగతావాళ్లను అక్కడికి రమ్మనండి. కొందరు రారు. రాకపోతే పోనివ్వండి, ఏడాది తిరిగేసరికి టెన్త్ మార్కులు చూసి వాళ్లే వస్తారు.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తలుపు తీసే ఉండాలి, ఆడపిల్లలు వీధివారీగా జట్టుగా ఇంటికెళ్లాలి. పిల్లల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదని మొదటి రోజే చెప్పండి. మీరూ పెట్టకండి.

3. తరగతి చూడకుండా, చదవడం చూడండి

మొదటి వారం పాఠం చెప్పొద్దు. ఒక్కో పిల్లవాణ్ని విడిగా కూర్చోబెట్టి ఐదు నిమిషాలు చూడండి. అక్షరాలు, చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఒక చిన్న కథ వరుసగా ఇవ్వండి. ఎక్కడ ఆగితే అక్కడ రాసుకోండి. లెక్కల్లో రెండంకెల సంఖ్య గుర్తుపట్టడం, పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం చూస్తే చాలు.

ఏడో తరగతి పిల్లవాడు "విద్యార్థి"ని "విదార్ది" అని చదువుతాడు. ఒత్తు కనిపించగానే దాన్ని దాటేసి ముందుకు పోతాడు. వాడికి సాంఘికశాస్త్రం గైడు ఇచ్చి లాభం లేదు, ముందు ఒత్తులు రావాలి. ఇలాంటివాళ్లు మీరు అనుకున్నదానికంటే ఎక్కువమంది ఉంటారు, బెంబేలెత్తకండి.

పిల్లల్ని ఈ స్థాయిల ప్రకారం మూడు గుంపులు చేయండి. తప్పు జరిగేది ఇక్కడే: ఎనిమిదో తరగతి కుర్రాణ్ని నాలుగో తరగతి పిల్లలతో కూర్చోబెడితే వాడు మర్నాడు రాడు. వాణ్ని ఆ గుంపుకి "లీడర్" చేసి, చిన్నవాళ్లకు చదివి వినిపించమనండి. చదివి వినిపించడం కోసం వాడే ముందు రోజు రాత్రి చదువుకొస్తాడు.

రోజూ గంటన్నర చాలు. అరగంట పైకి చదవడం, అరగంట లెక్కలు, మిగతాది బడి హోంవర్కు. పెద్ద క్లాసుల సందేహాలకు పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ని ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో స్కాన్ చేస్తే వీడియోలు వస్తాయి. అయితే ఫోన్ టీచర్ చేతిలోనే ఉండాలి. పిల్లల చేతికిస్తే రెండో నిమిషంలో రీల్స్.

4. కాగితాల పుస్తకం

నన్నడిగితే ఈ మొత్తం పనిలో పాఠాలకంటే ఇదే ముఖ్యం. చదువులో వెనకబడినవాణ్ని ఏడాదిలో లేపొచ్చు. ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు ఉన్నవాడు స్కాలర్‌షిప్ వచ్చీ పోగొట్టుకుంటాడు.

మా దగ్గర ఒకబ్బాయి ఎనిమిదో తరగతిలో పోటీ పరీక్ష రాసి స్కాలర్‌షిప్‌కి ఎంపికయ్యాడు. బడిలో "వెంకట సాయి", ఆధార్‌లో "సాయి వెంకట్". సరిచేయించడానికి వాళ్లమ్మ కూలి మానుకుని నాలుగుసార్లు తిరిగింది. ఒకచోట సర్వర్ లేదన్నారు, ఇంకోచోట వాళ్ల నాన్న రావాలన్నారు. గడువు దాటిపోయింది. ఆ ఏడాది డబ్బు రాలేదు.

కాబట్టి ప్రతి పిల్లవాడికీ ఒక పేజీ పెట్టి ఇవి రాయండి:

- బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు, పుట్టిన తేదీ, అక్షరం పొల్లుపోకుండా.
- ఆధార్‌లో అవే. తేడా ఉంటే ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టండి.
- ఆధార్‌లో వేలిముద్రలు ఎప్పుడు ఇచ్చారు? 15 ఏళ్లు నిండాక మళ్లీ ఇవ్వడం తప్పనిసరి.
- బ్యాంకు ఖాతా ఉందా? దానికి ఆధార్ కలిపారా, అది డీబీటీకి, అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటానికి పనికొస్తుందా? ఈ రెండూ వేర్వేరు. పాస్‌బుక్‌లో ఆధార్ నంబరు ఉన్నంత మాత్రాన ప్రభుత్వ డబ్బు పడదు. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకుకి కలిసి ఉందో తెలుస్తుంది.
- కుల, ఆదాయ ధ్రువపత్రాలు. ఆంధ్రలో సచివాలయంలోనో మీసేవలోనో, తెలంగాణలో మీసేవలో.

పేరు తేడాలు పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల పేర్ల జాబితా) పంపేలోపు సరిచేయించాలి. టెన్త్ మెమోలో ఒకసారి తప్పు పడిందంటే ఆ తర్వాత ప్రతి దరఖాస్తుకీ అదే తలనొప్పి.

ఇంకో దారి: ఒక్కొక్కరినీ తిప్పే బదులు, ఒక ఆదివారం పదిమంది తల్లుల్ని కలిపి ఒకే ఆటోలో మండల కేంద్రానికి తీసుకెళ్లండి. ముందు రోజు ఫోన్ చేసి ఆధార్ కేంద్రం తీసి ఉంటుందో లేదో కనుక్కోండి. ఆటో కిరాయికి ఇచ్చే ఐదారు వందలు నోటుబుక్కుల మీద పెట్టే ఐదువేలకంటే ఎక్కువ పని చేస్తాయి.

5. ఎనిమిదో తరగతి వాళ్లకు ఎన్‌ఎంఎంఎస్

ఎన్‌ఎంఎంఎస్ అంటే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. ఊరి బడి పిల్లలకు చేతికందే స్కాలర్‌షిప్ ఇదే. కేంద్రం 2008లో మొదలుపెట్టింది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ప్రైవేటు బడులు, నవోదయ, కేంద్రీయ విద్యాలయాలు, ప్రభుత్వ వసతి గురుకులాల వాళ్లు అర్హులు కారు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50.

పరీక్షలో రెండు పేపర్లు. తార్కికంగా ఆలోచించే ప్రశ్నలు 90, సైన్స్-సాంఘికం-లెక్కలు 90, ఒక్కోదానికి గంటన్నర. మొదటి పేపర్ లాంటి ప్రశ్నలు బడిలో చెప్పరు, పిల్లలు బెదిరేది దానికే. జూలై నుంచి రోజుకి పది ప్రశ్నలు చేయిస్తే పరీక్ష నాటికి అలవాటవుతుంది.

ఎంపికయ్యాక పని అయిపోయిందనుకోవద్దు. ఏటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయాలి, బడివాళ్లు దాన్ని ఆమోదించాలి, ఆ తర్వాత జిల్లా వాళ్లు. బడి లాగిన్‌లో ఆగిపోయిన దరఖాస్తులు చాలా ఉంటాయి. హెచ్‌ఎంగారిని మర్యాదగా రెండుసార్లు గుర్తుచేయండి, మూడోసారి పక్కన కూర్చుని చేయించుకోండి. టెన్త్‌లో 60 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 55 శాతం రాకపోతే ఇంటర్‌లో ఆగిపోతుందని పిల్లలకు ముందే చెప్పండి.

6. బడి మానేసిన వాళ్లు

మిర్చి కోతలకు వెళ్లి బడికి తిరిగి రానివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. 14 ఏళ్లు నిండితే ఓపెన్ స్కూల్లో టెన్త్, టెన్త్ పాసై 15 నిండితే ఓపెన్ ఇంటర్. రెండు రాష్ట్రాలకూ వేర్వేరు ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి. తెలుగులోనే రాయొచ్చు. దగ్గరలోని హైస్కూల్లో స్టడీ సెంటర్ ఉందేమో కనుక్కోండి.

"పాస్ గ్యారంటీ, పదివేలు ఇవ్వండి" అనే ఏజెంట్లు వస్తారు. ఇవ్వకండి. అసలు ఫీజు ఎంతో స్టడీ సెంటర్‌లోనే అడిగి, రశీదు తీసుకోండి.

చదువు ఆగిన ఆడపిల్లకు పెళ్లి మాటలు మొదలయ్యాయని తెలిస్తే, 18 నిండకపోతే, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఆ ఫోన్ ఊరి కుర్రాళ్లతో చేయించకండి, మీరే చేయండి. వాళ్లు ఆ ఊళ్లో బతకాలి.

7. పదిహేడేళ్ల వాళ్లను ఓటరు జాబితాలో చేర్పించండి

చదువుకీ దీనికీ ఏమిటి సంబంధం అంటారేమో. గ్రామసభ అంటే ఊరి ఓటరు జాబితాలో ఉన్న అందరూ. జాబితాలో పేరు లేని కుర్రాడు అక్కడ నిలబడి అడిగితే "నువ్వెవరు?" అని ఒక్క మాటతో కూర్చోబెడతారు.

17 నిండినవాళ్లు కొత్త ఓటరు దరఖాస్తు ఫారం 6 ముందుగానే ఇవ్వొచ్చు. జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1, ఈ నాలుగు తేదీల్లో ఏ తేదీకి 18 నిండితే అప్పుడు పేరు చేరుతుంది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఇవ్వొచ్చు, లేదా ఊరి బీఎల్‌ఓకి (ఓటరు జాబితా చూసే బూత్ స్థాయి అధికారికి) ఇవ్వొచ్చు. సందేహాలకు ఓటరు హెల్ప్‌లైన్ 1950. హాస్టల్లో ఉండి చదివేవాళ్ల పేరు ఊళ్లోనో అక్కడో ఒకచోటి జాబితాలోనే ఉండాలి, రెండుచోట్ల ఉండటం చట్టవిరుద్ధం.

దరఖాస్తు ఇచ్చాక ఊరుకోకుండా, జాబితా వచ్చినప్పుడు పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు సరిచూడండి. నాలుగో అడుగులోని ఎర్ర సిరా ఇక్కడా పనికొస్తుంది.

8. ఇంటి పన్ను రశీదుతో ఒక పాఠం

ఒక రోజు పిల్లలందరినీ ఇంటి నుంచి ఇంటి పన్ను రశీదు తెమ్మనండి. అటక మీది ట్రంకుపెట్టెలోంచో, దేవుడి పటం వెనకనుంచో మడతలు పడ్డ కాగితాలు వస్తాయి. ఇంటి పన్ను, నీటి పన్ను, లైటింగ్... ఆ వరసలో "గ్రంథాలయ పన్ను" ఉందేమో వెతకమనండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేస్తారు. 600 రూపాయల ఇంటి పన్నుకు 48 రూపాయలు. శాతాల పాఠం ఎనిమిదో తరగతి పుస్తకంలో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనివాళ్లకు ఆ రోజు ఎక్కుతుంది.

ఆ తర్వాత ఒక పిల్లవాడు తప్పకుండా అడుగుతాడు: "మరి మన ఊళ్లో లైబ్రరీ ఏది సార్?"

జవాబు మీరు చెప్పకండి. దాన్ని 18 దాటిన మీ కుర్రకారుతో గ్రామసభలో అడిగించండి. ఇలా:

- తేదీని పంచాయతీ కార్యదర్శి దగ్గర కనుక్కోండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 లాంటి రోజుల్లో చాలా ఊళ్లలో పెడతారు. అక్టోబర్ తర్వాత వచ్చే ఏడాది పనుల ప్రణాళిక కోసం జరిగేది ముఖ్యమైనది.
- ముందు రోజు సర్పంచ్‌ని, సర్పంచ్ లేకపోతే పంచాయతీని చూసే ప్రత్యేకాధికారిని, కలిసి ఏం అడగబోతున్నారో చెప్పండి. పదిమందిలో ఇబ్బంది పెడితే ఆ గది తాళం మీకు మళ్లీ దొరకదు.
- రెండే ప్రశ్నలు, కాగితం మీద: నిరుడు మన ఊళ్లో గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, ఎంత జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టారు? మన ఊరికి పుస్తక నిక్షిప్త కేంద్రం (గ్రంథాలయ సంస్థ పుస్తకాలు ఉంచే చిన్న కేంద్రం) అడుగుతూ తీర్మానం చేస్తారా?
- కాగితం రెండు కాపీలు. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద సంతకం, తేదీ వేయించుకోండి.
- ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్‌లో మీ పంచాయతీ పనులు, ఖర్చులు కనిపిస్తాయి. ఆ పేజీ ప్రింట్ తీసి చేతిలో పెట్టుకోండి.

జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో వచ్చిన నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు.

హెచ్చరిక: పంచాయతీ ఎన్నికలు దగ్గర్లో ఉంటే ఈ అడుగు వాయిదా వేయండి. అప్పుడు ఏం అడిగినా అది ఎవరో ఒకరి ప్రచారం అవుతుంది.

మా ఊళ్లో మొదటిసారి అడిగినప్పుడు ఆ ఐటీఐ కుర్రాడి చేతిలో కాగితం వణికింది. సగం చదివి ఆపేశాడు. మిగతా సగం వెనక నిలబడ్డ అమ్మాయి చదివింది. తీర్మానం ఆ రోజు కాలేదు, రెండో సభలో అయింది. పుస్తకాల అల్మరా రావడానికి ఇంకో ఏడాది పట్టింది.

అందరూ చేసే తప్పులు

- ఏప్రిల్‌లో మొదలుపెట్టడం. జూన్ 12న బడులు తెరిచాక మొదలుపెట్టండి.
- టెన్త్ వాళ్లనే పట్టుకోవడం. టెన్త్‌లో ఫెయిలయ్యేవాడు ఐదో తరగతిలోనే తప్పిపోయి ఉంటాడు.
- బడి టీచర్లను తప్పుపట్టడం. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసుకునే బడి అది, వాళ్లతో పేచీ పెట్టుకుంటే కాగితాల పని ఒక్కటీ జరగదు.
- ఖర్చులు మీ ఫోన్లోనే ఉంచుకోవడం. నెల చివర గోడ మీద అంటించండి, చాక్‌పీసులకు పెట్టిన పాతిక రూపాయలతో సహా.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

మూడో అడుగులో చేసిన ఐదు నిమిషాల పరీక్ష నవంబర్‌లో ఒకసారి, మార్చిలో ఒకసారి మళ్లీ చేయండి. అదే కథ ఇవ్వొద్దు, బట్టీ పట్టేసి ఉంటారు. పేరా దగ్గర ఆగినవాడు కథ దాకా వచ్చాడా లేదా, అంతే చూడాలి. కాగితాల పుస్తకంలో ఎర్ర సున్నాలు ఎన్ని తగ్గాయో లెక్కపెట్టండి. గ్రామసభ మినిట్స్ పుస్తకంలో మీ కుర్రాళ్లు అడిగింది రాశారో లేదో వాళ్లనే చూసి చెప్పమనండి.

ఇంకోటి హాజరు పుస్తకం. పత్తి తీసే నెలల్లో, మిర్చి కోతల్లో తగ్గుతుంది, దానికి కంగారుపడొద్దు. ఆ నెలల్లో వేళ మార్చి రాత్రి ఏడుకి పెట్టి, ఒక గంటకి కుదించండి. కానీ మీరు ఊరు వెళ్లని నెలలో హాజరు పడిపోయి, వెళ్లిన వారం ఒక్కసారిగా పెరిగిందంటే, వాళ్లు మీకోసం వస్తున్నారన్నమాట. అప్పుడు ఒక మూడు నెలలు వెళ్లకండి. తాళం చెవి, ఖర్చుల పుస్తకం చదువు చెప్పే అమ్మాయి చేతికిచ్చి, ఫోన్ వచ్చినప్పుడు మాత్రమే మాట్లాడండి.